తహసీల్దారు ఆఫీసు ఆవరణలో కురిసిన వాన

ఖరీఫ్ రోజుల్లో అనంతపురం జిల్లా పేజీలో మండలాల వర్షపాతం పట్టిక వస్తుంది. ఫలానా మండలంలో 18.4 మిల్లీమీటర్లు అని చదివి, అదే మండలంలో ఒక ఊరివాళ్లు తలూపుతారు, పక్క ఊరివాళ్లు పేపరు విసిరికొడతారు. వీళ్లలో అబద్ధమాడేవాళ్లు ఎవరూ లేరు. పట్టికా అబద్ధం చెప్పడం లేదు.

ఉమ్మడి జిల్లా విస్తీర్ణం 19,130 చదరపు కిలోమీటర్లు, మండలాలు 63. అంటే సగటున ఒక్కో మండలం 300 చదరపు కిలోమీటర్ల పైమాట. మన దేశంలో ఎక్కువగా వాడే మామూలు వానమాపకం మూతి 200 చదరపు సెంటీమీటర్లు, చిన్న పళ్లెమంత. లెక్క వేస్తే తహసీల్దారు ఆఫీసు ఆవరణలోని ఆ మూతి తనకంటే సుమారు 1500 కోట్ల రెట్లు పెద్దదైన నేల తరఫున మాట్లాడుతోంది. ఇంత చిన్న నోటికి అంత పెద్ద మాట ఎలా దక్కిందో తెలియాలంటే దాని పుట్టుపూర్వోత్తరాలు చూడాలి.

కౌటిల్యుడి అర్థశాస్త్రం కోష్ఠాగారంలో మూర వెడల్పు మూతిగల కుండం పెట్టి వాన కొలవమంది. జాంగల దేశంలో 16 ద్రోణాలు, అశ్మకంలో పదమూడున్నర, అవంతిలో 23 అని అంకెలు కూడా ఇచ్చింది. అశ్మకం రాజధాని మన బోధన్ పట్టణమే అని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. కాబట్టి తెలుగు నేల వాన లెక్కకెక్కడం నిన్నమొన్నటి సంగతి కాదు. ద్రోణమంటే ధాన్యం కొలత. వాననూ గింజల్లాగే కొలిచారు, ఏ నేలలో ఎప్పుడు ఏం విత్తాలో తేల్చుకోవడానికి. 1441-42లో కొరియా రాజు సెజోంగ్ కాలంలో ఒకే కొలతతో పాత్రలు చేయించి ప్రాంతాలకు పంపారు.

అసలు మలుపు 1639లో ఇటలీలో వచ్చింది. గెలీలియో శిష్యుడు బెనెదెత్తో కాస్తెల్లి పెరూజా దగ్గరి త్రాసిమేనో సరస్సు వానకు ఎంత పెరుగుతుందో తెలుసుకోవాలనుకున్నాడు. సరస్సును కొలవలేదు. ఒక గాజు పాత్రను వానలో పెట్టి, అందులో నీరు ఎంత ఎత్తు నిలిచిందో చూసి, సరస్సంతటా అంతే ఎత్తు పెరుగుతుందని వాదించాడు. గురువుకు ఉత్తరం రాశాడు. పాత్ర వెడల్పుతో పనిలేదు, ఎత్తు చాలు! ఈనాటికీ మిల్లీమీటర్లలో వాన చెబుతున్నామంటే ఆ వాదన మీద నిలబడే.

ఆ వాదనలో ఒక షరతు దాగి ఉంది. పడిన నీరు ఎటూ పారకూడదు, ఇంకకూడదు, ఆవిరి కాకూడదు. వాన అంతటా ఒకే తీరున పడాలి. అలాంటి పొలం కళ్యాణదుర్గంలోనే కాదు, ప్రపంచంలో ఎక్కడా లేదు. అయినా ఆ ఊహ వల్లే ఒక మిల్లీమీటరు అంటే ఎకరాకు 4 వేల లీటర్ల పైచిలుకు అని లెక్కగట్టి చెరువులూ కల్వర్టులూ కట్టగలుగుతున్నాం. అది లోకంలో లేని పొలమైనా అక్కరకొచ్చే పొలం.

పాత్రకు గాలితో కూడా పేచీ ఉంది. 1760ల్లో విలియం హెబర్డెన్ అనే లండన్ వైద్యుడు వెస్ట్‌మినిస్టర్ అబే కప్పు మీద ఒకటి, దగ్గర్లోని ఇంటి కప్పు మీద ఒకటి, కింద నేల దగ్గర ఒకటి పెట్టాడు. ఏడాదికి కింద 22 అంగుళాలు దాటింది, పైన 12 అంగుళాలే. కింద పడే వాన పైనుంచే కదా రావాలి? దశాబ్దాలపాటు పండితులు తల బద్దలు కొట్టుకున్నారు. 1861లో జెవన్స్ (తర్వాత ఆర్థికవేత్తగా పేరుపొందినాయనే) విప్పి చెప్పాడు: పాత్ర అడ్డు రాగానే గాలి పైకి లేచి వేగం పుంజుకుంటుంది, చినుకుల్ని మూతి దాటించి అవతల పడేస్తుంది. కొలిచే వస్తువే కొలతను చెడగొడుతోందన్నమాట. అందుకే మన దగ్గర అంచును నేలకు 30 సెంటీమీటర్ల ఎత్తులో ఉంచుతారు. రామగిరి గుట్టల మీద గాలిమరలు తిప్పే ఉమ్మడి జిల్లా ఇది. నైరుతి గాలి ఎంత బలమో వేరే చెప్పక్కర్లేదు.

దగ్గరికెళ్లి చూస్తే పాత్ర చాలా సాదా. పైన కత్తిలా పదునైన లోహపు అంచు, లోపల గరాటు, కింద సీసా. ఉదయం 8:30కి సీసాలో నీళ్లు సన్నటి కొలగాజులో పోసి గీత చూస్తారు. ఆ గీతలు ఆ మూతికే చెల్లుతాయి. 100 చదరపు సెంటీమీటర్ల మూతి పాత్రకు 200 కొలగాజు వాడితే పడిన వానలో సగమే పుస్తకంలోకెక్కుతుంది. ఇంకొకటి: 14న సాయంత్రం కురిసిన వాన 15వ తేదీ కింద నమోదవుతుంది. 2.4 మిల్లీమీటర్లు పడితే అది వాన రోజే కాదు, 2.5 ఉంటేనే లెక్క. ఇవన్నీ మనుషులు కూర్చుని గీసిన గీతలు. గీయక తప్పదు కూడా.

రైతు కొలత వేరు. వాన వెలిసాక చేనులోకెళ్లి మట్టి తవ్వి పదును ఎంత లోతు దిగిందో చూస్తాడు. ఎర్రనేలల్లో శనక్కాయకు ఊడలు దిగే వేళ పైమట్టి మెత్తగా లేకపోతే కాయ పట్టదు. ఆ వారం బెట్ట పెట్టి, నెల తర్వాత ఒక్క రాత్రిలో 90 మిల్లీమీటర్లు దంచినా సీజన్ పట్టిక ‘సాధారణం’ అనే చెబుతుంది. జిల్లా వార్షిక సగటు సుమారు 550 మిల్లీమీటర్లంటారు. ఆ సగటును నమ్మి విత్తిన చేలు ఎన్ని ఎండాయో ఒకప్పుడు 8 లక్షల హెక్టార్ల దాకా వేరుశనగ వేసిన ఈ జిల్లాకు తెలుసు.

ఈ రెండు కొలతలూ ఢీకొన్నది బీమాలో. 2003లో బేసిక్స్ సంస్థ, ఐసీఐసీఐ లొంబార్డ్ కలిసి మహబూబ్‌నగర్ జిల్లాలో వానను బట్టి పరిహారమిచ్చే బీమా తెచ్చాయి. తర్వాతి ఏళ్లలో అది అనంతపురానికీ వచ్చింది. చేను చూడరు, వానమాపకం అంకె చూస్తారు. అయితే ఒప్పందం రాసినవాళ్లు అమాయకులేం కాదు. సీజన్‌ను మూడు దశలుగా విడగొట్టారు. రోజుకు 2 మిల్లీమీటర్లలోపు వానను లెక్కలోంచి తీసేశారు, అది ఎటూ ఆవిరే గనక. 60 దాటినదాన్నీ వదిలేశారు, వాగులో పోయేదే గనక. అంకెను పదునుకు దగ్గర చేయాలన్న నిజాయితీ గల ప్రయత్నం అది. కానీ మబ్బు పాత్ర మీద కురిసి చేను మీద కురవకపోతే ఏ సూత్రమూ ఆదుకోదు. నా దృష్టిలో తప్పు పాత్రది కాదు. ‘ఇక్కడ ఎంత పడింది’ అన్న ప్రశ్నకు అది నికరంగా జవాబిస్తుంది. ‘నీ చేను ఎండిందా’ అని దాన్ని అడిగినవాళ్లదే తప్పు.

ఇప్పుడు మనిషి అక్కర్లేని యంత్రాలొచ్చాయి. వాటిలో తొట్టి నిండగానే తిరగబడి ఒక్కో లెక్క పంపుతుంది. ఈ ఉపాయం 1662 నాటి క్రిస్టఫర్ రెన్‌ది. అయితే కుండపోతలో తొట్టి తిరగబడేలోగా కొంత నీరు లెక్కకు రాకుండా పోతుంది. మబ్బుల్ని చూసే రాడార్లూ ఉపగ్రహాలూ తమ అంకె సరిచూసుకోవడానికి చివరికి నేల మీది పాత్ర దగ్గరికే రావాలి.

అందుకే ఒక మాట. మీ మండలం వానమాపకం ఎక్కడుందో ఒకసారి వెళ్లి చూడండి. పక్కన గోడగానీ చెట్టుగానీ ఉంటే, దాని ఎత్తుకు కనీసం రెండింతల దూరంలో పాత్ర ఉండాలి. ఏళ్ల క్రితం నాటిన వేప ఇప్పుడు దాన్ని కమ్మేసిందేమో, పక్కనే కొత్త గది లేచిందేమో, గరాటులో ఆకులు అడ్డుపడ్డాయేమో గమనించండి. తేడా కనిపిస్తే తహసీల్దారుకు అర్జీ పెట్టండి, తొలకరికి ముందే.