గంప మోయని మేనమామ

మా హోసూరులో పెళ్ళికి పంచాంగం, పందిరి చాలు. పిట్స్‌బర్గ్ శ్రీ వేంకటేశ్వరాలయంలో మా మేనకోడలి పెళ్ళికి కౌంటీ లైసెన్సూ కావలసివచ్చింది. పెన్సిల్వేనియాలో దరఖాస్తు పెట్టాక 3 రోజులు ఆగాలి. ముహూర్తమూ మన ఊరి లెక్కకు కుదరదు; లగ్నం అక్కడి సూర్యోదయాన్నిబట్టి గుణించాలి. బ్యాంకువాణ్ణి గనుక కాగితాలన్నీ నేనే సరిచూశాను.

కాని అక్కాబావలకు వీసా రాలేదు. గంప మోయవలసిన నేను మా ఆవిడతో కన్యాదానం పీటల మీద కూర్చున్నాను. గంపను పిల్లతో పనిచేసే కుర్రవాళ్ళు మోశారు.

అక్కడ ఉదయం పదిన్నర, హోసూరులో రాత్రి ఎనిమిది. ఫోనులో అక్క పట్టుచీరతో కనిపించింది. జీలకర్ర బెల్లం పెట్టగానే గుప్పెట్లోని అక్షతలు ఫోను మీదే చల్లింది. లైసెన్సు మీద పురోహితులు సంతకం చేశారు. ఆశీర్వాదం మాత్రం హోసూరు నుంచే అందింది.