పోర్ట్ బ్లెయిర్‌లో వీలునామా: వకీలు కన్నా ముందు వెతకాల్సింది ఇంటి కాగితం

శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి చేపల వేటకు, కూలి పనులకు, ప్రభుత్వ కొలువులకు ఓడెక్కి అండమాన్ చేరిన తెలుగువారిలో తొలి తరం ఇప్పుడు వృద్ధాప్యంలో ఉంది. వారి కష్టార్జితం రెండు చోట్ల ఉంది. దీవుల్లో ఒక ఇల్లో, దుకాణమో, పడవో ఉంటే, సొంత ఊళ్లో కొంత పొలమో, తాతలనాటి పెంకుటిల్లో ఉంటుంది. పిల్లల్లో కొందరు ఇక్కడ, కొందరు అక్కడ ఉంటారు. పెద్దవారు కన్నుమూసిన తరువాత ఈ ఆస్తి ఎవరికి, ఏ కాగితం ఆధారంగా చెందుతుందన్న ప్రశ్న అనేక ఇళ్లలో ఇంకా ప్రశ్నగానే మిగిలి ఉంది. 2011 జనగణన ప్రకారం దీవుల జనాభా 3,80,581. అందులో 13 శాతానికి పైగా తెలుగు మాతృభాషగా గలవారే కనుక ఇది ఒకటి రెండు కుటుంబాల సమస్యగా భావించడానికి వీలులేదు.

ఇటువంటి సందర్భంలో ఎవరైనా మొదట అడిగేది మంచి వకీలు ఎవరని. అమెరికా వంటి దేశాల్లో ఆస్తి పంపకాల ప్రణాళిక న్యాయవాద వృత్తిలో ఒక ప్రత్యేక శాఖ. అక్కడి మరణానంతర పన్నులు, ట్రస్టుల వ్యవహారాలు అందుకు ప్రధాన కారణం. భారతదేశంలో మరణానంతరం ఆస్తిపై విధించే ఎస్టేట్ సుంకాన్ని 1985లోనే రద్దు చేశారు. అందువల్ల ఇక్కడ ఆ పేరుతో బోర్డు పెట్టుకున్న న్యాయవాదులు పెద్ద నగరాల్లో తప్ప కనిపించరు. పోర్ట్ బ్లెయిర్‌లో వీలునామా, దానపత్రం, వారసత్వ ధ్రువపత్రం వంటి పనులు చూసేది సివిల్ న్యాయవాదులే. అయితే వారిలో ఎవరు తగినవారో తెలుసుకోవడానికి ముందు ఇంట్లోని ట్రంకుపెట్టె తెరిచి చూడటం అవసరం.

ఎందుకంటే దీవుల భూమి చట్టం ఆంధ్రప్రదేశ్ భూమి చట్టం వంటిది కాదు. ఇక్కడ అమలులో ఉన్నది 1966 నాటి అండమాన్, నికోబార్ దీవుల భూమి శిస్తు, భూసంస్కరణల రెగ్యులేషన్. దీవుల్లోని భూములన్నీ ప్రభుత్వానికే చెందుతాయన్నది దాని మూలసూత్రం. ఆ రెగ్యులేషన్ ప్రకారం సంక్రమించిన హక్కు తప్ప, కేవలం అనుభవంలో ఉన్నందువల్ల ఎవరికీ భూమిపై హక్కు ఏర్పడదు. ఒకరి చేతిలో ఉన్న కాగితం గ్రాంటు కావచ్చు, లైసెన్సు కావచ్చు, ఆక్యుపెన్సీ కౌలు హక్కు కావచ్చు. ఆ హక్కు వారసులకు సంక్రమిస్తుందా, బయటివారికి బదిలీ చేయవచ్చా, అందుకు అధికారుల అనుమతి కావాలా అన్నది హక్కు తరగతిని, మంజూరు పత్రంలోని షరతులను బట్టి మారుతుంది. నలభై ఏళ్లుగా ఉంటున్న ఇల్లు కదా అన్న ధీమాతో వీలునామా రాస్తే, మనిషి తనకు లేని హక్కును పిల్లలకు పంచిపెట్టినట్లవుతుంది. ఆ సంగతి బయటపడేసరికి రాసినవారు ఉండరు.

కాబట్టి న్యాయవాదిని ఎంచుకోవడానికి ఇంతకన్నా సులువైన పరీక్ష లేదు. ఎవరికి ఎంత ఇవ్వదలిచారని అడగడానికి ముందు, ఇంటి స్థలానికి సంబంధించిన మంజూరు పత్రం, రెవెన్యూ రికార్డు ప్రతి తీసుకురమ్మని అడిగే న్యాయవాది పని తెలిసినవారు. కాగితాలేవీ చూడకుండానే సిద్ధంగా ఉన్న నమూనాలో పేర్లు నింపి ఇచ్చేవారి వద్ద చెల్లించిన ఫీజు ఎంత తక్కువైనా దండగే. పాత పత్రాల్లో ఊరి పేరు పోర్ట్ బ్లెయిర్ అనే ఉంటుంది. 2024 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం ఈ నగరానికి శ్రీ విజయపురం అని పేరు పెట్టింది. కొత్తగా రాసే పత్రంలో రెండు పేర్లనూ పేర్కొనడం చిన్న జాగ్రత్తే అయినా, ముప్పై ఏళ్ల తరువాత దాన్ని చదివే గుమాస్తాకు అనుమానం రాకుండా చేస్తుంది.

ఇక వకీలును వెతకడం ఎలా అన్న ప్రశ్న. న్యాయవాదులు ప్రకటనలు ఇచ్చుకోరాదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమావళిలోని 36వ నియమం చెబుతోంది. 2008లో చేసిన సవరణతో తమ పేరు, చిరునామా, నమోదు సంఖ్య, అర్హతలు, ఏ విభాగంలో పనిచేస్తారన్న వివరాలను సొంత వెబ్‌సైట్‌లో పెట్టుకోవడానికి మాత్రం వీలు కలిగింది. అంతకుమించిన పొగడ్తలు, హామీలు ఎక్కడైనా కనిపిస్తే సందేహించడానికి అదే తగిన కారణం. అండమాన్, నికోబార్ దీవులు పశ్చిమ బెంగాల్ బార్ కౌన్సిల్ పరిధిలో, కలకత్తా హైకోర్టు అధికార పరిధిలో ఉన్నాయి. హైకోర్టు సర్క్యూట్ బెంచి పోర్ట్ బ్లెయిర్‌లోనే పనిచేస్తుంది. ఇక్కడ స్థిరపడిన న్యాయవాదుల పేర్లు సాధారణంగా ఆ బార్ కౌన్సిల్ జాబితాలో ఉంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో నమోదైనవారు కూడా ఇక్కడి కోర్టుల్లో వాదించవచ్చు. నమోదు సంఖ్య అడగడం అవమానించడం కిందికి రాదు. నిజమైన న్యాయవాది అభ్యంతరం లేకుండా చెబుతారు.

రిజిస్ట్రేషన్ కార్యాలయాల వద్ద అర్జీలు, దస్తావేజులు రాసిపెట్టేవారు న్యాయవాదులు కారన్న తేడాను గుర్తుంచుకోవాలి. దస్తావేజును తప్పుల్లేకుండా రాయడంలో వారిలో చాలామందికి మంచి నేర్పు ఉంటుంది. అయితే భూమిపై హక్కు ఎటువంటిదో పరిశీలించి సలహా ఇచ్చే బాధ్యత వారిది కాదు. రేపు వివాదం వస్తే కోర్టులో నిలబడేదీ వారు కారు.

భాష విషయం ఇంకా ముఖ్యమైనది. దీవుల్లో కార్యాలయ వ్యవహారం ఎక్కువగా హిందీ, ఇంగ్లిషుల్లో సాగుతుంది. తెలుగు తప్ప మరో భాష చదవలేని వృద్ధురాలు ఇంగ్లిషులో టైపు చేసిన వీలునామాపై వేలిముద్ర వేసిందనుకుందాం. ఆమె మరణించిన తరువాత, అందులో ఏముందో ఆమెకు తెలియదని ఏదో ఒక సంతానం కోర్టుకెక్కితే ఆ పత్రం నిలవడం కష్టం. వీలునామా రాసినవారి మనసు, తెలివి, స్వేచ్ఛ గురించి కోర్టుకు కలిగే సందేహాలను తీర్చాల్సిన భారం దాన్ని సమర్థించుకునేవారిపైనే ఉంటుందని సుప్రీంకోర్టు 1958లోనే హెచ్.వెంకటాచల అయ్యంగార్ కేసులో స్పష్టం చేసింది. ఎక్కువ లబ్ధి పొందే వ్యక్తే ముందుండి వీలునామా రాయిస్తే సందేహం మరింత పెరుగుతుందని కూడా ఆ తీర్పు చెప్పింది. తల్లిదండ్రుల్ని వెంటబెట్టుకుని వకీలు గదిలోకి వెళ్లి, మాటలన్నీ తానే చెప్పే కొడుకు తనకు తెలియకుండానే తన హక్కుకు చేటు తెచ్చుకుంటున్నాడన్నమాట.

వీలునామా తెలుగులోనే రాయవచ్చు. చట్టం భాషను నిర్దేశించలేదు. తెల్ల కాగితంపై రాసినా చెల్లుతుంది. స్టాంపు సుంకం లేదు. రిజిస్టర్ చేయించదలిస్తే మాత్రం 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోని 19వ సెక్షన్‌ను చూసుకోవాలి. రిజిస్టరింగ్ అధికారికి అర్థం కాని, ఆ జిల్లాలో సాధారణ వాడుకలో లేని భాషలో ఉన్న పత్రానికి యథార్థ అనువాదం, నకలు జతచేయాలని అది చెబుతోంది. అందువల్ల తెలుగు పాఠాన్ని, దాని అనువాదాన్ని కలిపి సిద్ధం చేయించడం మేలు. ఇంగ్లిషులోనే రాయిస్తే, దానిని తెలుగులో చదివి వినిపించారని, విని అర్థం చేసుకున్నాకే సంతకం చేశారని పత్రంలో రాయించాలి. అలా చదివి వినిపించేటప్పుడు తెలుగు తెలిసిన సాక్షి పక్కన ఉండాలి. తెలుగు వచ్చిన న్యాయవాది దొరికితే మంచిదే. దొరకకపోతే ఆస్తిలో ఏ సంబంధమూ లేని తెలుగు వ్యక్తిని దుబాసీగా పెట్టుకోవాలి.

సాక్షుల ఎంపికలో దీవులకే ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. 1925 నాటి భారత వారసత్వ చట్టంలోని 63వ సెక్షన్ ప్రకారం వీలునామాపై కనీసం ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. తరువాత దానిని కోర్టులో రుజువు చేయాల్సి వస్తే, ఆ ఇద్దరిలో కనీసం ఒకరు వచ్చి చెప్పాలి. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం కూడా ఈ నియమాన్ని కొనసాగించింది. రిజిస్టర్ అయిన వీలునామాకు సైతం ఈ మినహాయింపు లేదు. పోర్ట్ బ్లెయిర్‌లో పక్కింటివారు బదిలీపై వచ్చిన ఉద్యోగులు కావడం సాధారణం. వారు రెండు మూడేళ్లలో ప్రధాన భూభాగానికి తిరిగి వెళ్లిపోతారు. పాతికేళ్ల తరువాత వారిని చెన్నైలోనో కోల్‌కతాలోనో వెతికి పట్టుకోవడం ఎవరి వల్లా కాదు. రాసేవారి కంటే వయసులో చిన్నవారు, దీవుల్లోనే స్థిరపడినవారు సాక్షులుగా ఉంటే ఆ ఇబ్బంది తగ్గుతుంది. ఆస్తిలో వాటా పొందేవారు సాక్షి సంతకం చేయకపోవడమే ఉత్తమం. క్రైస్తవ కుటుంబాల్లోనైతే అలా సంతకం చేసిన వ్యక్తికి గానీ, ఆ వ్యక్తి భార్యకు లేదా భర్తకు గానీ రాసిన వాటా చట్టరీత్యా చెల్లదు.

వీలునామా లేకపోతే ఏమవుతుంది? ఒక ఉదాహరణ తీసుకుందాం. జంగ్లీఘాట్‌లో ఉంటున్న ఒక హిందూ మత్స్యకారుడు వీలునామా రాయకుండా మరణించాడు. దీవుల్లో భార్య, ఒక కొడుకు, పెళ్లయిన కూతురు ఉన్నారు. తల్లి శ్రీకాకుళం జిల్లాలోని ఊళ్లో ఉంది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం అతని స్వార్జితంలో ఈ నలుగురికీ సమాన వాటా వస్తుంది. ఊళ్లో ఉన్న వృద్ధురాలికి కొడుకు ఇంట్లో నాలుగోవంతు ఉందన్న సంగతి ఆమెకే తెలియకపోవచ్చు. కూతురికి పెళ్లిలో ఇచ్చాం కదా అన్న మాట చట్టం ముందు చెల్లదు. ముస్లిం కుటుంబాల లెక్క వేరు. అప్పులు, అంత్యక్రియల ఖర్చులు పోగా మిగిలిన దానిలో మూడోవంతుకు మించి వీలునామా ద్వారా ఇవ్వాలంటే వారసుల సమ్మతి ఉండాలి.

అదే మత్స్యకారుడు వేటకు వెళ్లి తిరిగి రాకపోతే, మృతదేహమూ దొరక్కపోతే పరిస్థితి మరింత క్లిష్టమవుతుంది. ఒక వ్యక్తి బతికి ఉంటే తెలియవలసిన వారికి ఏడేళ్లపాటు అతని జాడ తెలియకపోతేనే మరణించినట్లు చట్టం భావిస్తుంది. ఆలోగా భార్య ఏ కార్యాలయానికి వెళ్లినా మరణ ధ్రువపత్రం అడుగుతారు. వీలునామా ఈ నిరీక్షణను తప్పించలేదు. అయితే బ్యాంకు ఖాతాను భార్యాభర్తలిద్దరిలో ఎవరైనా నడిపేలా ఉమ్మడిగా తెరవడం వంటి ఏర్పాట్లు ఆ కాలంలో ఇల్లు గడవడానికి ఉపయోగపడతాయి. వేటకు వెళ్లే కుటుంబాలు న్యాయవాదిని ఈ విషయం ప్రత్యేకంగా అడగాలి.

నామినీ పేరు రాశాం కనుక వీలునామాతో పనిలేదని చాలామంది అనుకుంటారు. బ్యాంకు ఖాతాలో నామినీ అంటే సొమ్మును బ్యాంకు నుంచి స్వీకరించే వ్యక్తి. ఆ సొమ్ముకు అసలు హక్కుదారులు వారసులే. షేర్ల విషయంలోనూ నామినీ యజమాని కాడని సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో తీర్పు చెప్పింది. జీవిత బీమా పాలసీలో భార్య లేదా భర్త, పిల్లలు, తల్లిదండ్రులను నామినీగా పేర్కొంటే మాత్రం 2015 సవరణ తరువాత ఆ సొమ్ము వారిదే అవుతుంది. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురి వరకు నామినీలను పెట్టుకునే వీలు వచ్చింది. ప్రభుత్వ ఉద్యోగులు ఎక్కువగా ఉన్న ఈ ఊళ్లో మరో సంగతి కూడా చెప్పుకోవాలి. కుటుంబ పింఛను వీలునామాలో రాసి ఇవ్వగలిగే ఆస్తి కాదు. సుప్రీంకోర్టు 1991లోనే ఈ విషయం తేల్చింది.

వీలునామాకు బదులు బతికి ఉండగానే ఇల్లు పిల్లల పేరిట రాసేయమని కొందరు సలహా ఇస్తారు. దానపత్రం రిజిస్టర్ అయితే హక్కు ఆ క్షణమే చేతులు మారుతుంది. వీలునామాను ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. దానం అలా కాదు. తల్లిదండ్రులను పోషించాలన్న షరతును దానపత్రంలో స్పష్టంగా రాయిస్తే, ఆ షరతు తప్పినప్పుడు 2007 నాటి వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలోని 23వ సెక్షన్ కింద రద్దు కోరే అవకాశం ఉంటుంది. ఈ షరతు ప్రస్తావన తేకుండానే దానపత్రం రాసే న్యాయవాది, ఫీజు ఎవరు చెల్లించినా, వృద్ధుల తరఫున ఆలోచిస్తున్నట్లు కాదు.

సొంత ఊరి ఆస్తి కోసం వేరే వీలునామా రాయనక్కరలేదు. ఒకే పత్రంలో రెండు చోట్ల ఆస్తులనూ సర్వే నంబర్లతో సహా పేర్కొనవచ్చు. రెండు వేర్వేరు పత్రాలు రాస్తే, తరువాతి తేదీ ఉన్నది మొదటిదానిని రద్దు చేసినట్లుగా చదివే ప్రమాదం ఉంది. అయితే పొలం పాసుపుస్తకం, మ్యుటేషన్ వ్యవహారాలు ఆంధ్రప్రదేశ్ రెవెన్యూ అధికారుల వద్దే సాగుతాయి కనుక అక్కడి న్యాయవాది సలహా ఒకసారి తీసుకోక తప్పదు. బ్యాంకు నిల్వలు, బకాయిల వంటి వాటికి కోర్టు ఇచ్చే వారసత్వ ధ్రువపత్రం కోసం, మరణించిన వ్యక్తి చివరగా నివసించిన జిల్లా కోర్టులో దరఖాస్తు చేయాలి. ఆ ధ్రువపత్రం దేశమంతటా చెల్లుతుంది. భూమికి, ఇంటికి మాత్రం అది వర్తించదు.

ఫీజు ఎంతో, అందులో ఏ పనులు కలిసి ఉన్నాయో మొదటి రోజే కాగితంపై రాయించుకోవాలి. కేసు గెలిస్తే ఆస్తిలో వాటా ఇవ్వాలన్న ఒప్పందాన్ని బార్ కౌన్సిల్ నియమావళి నిషేధించింది. ఫీజు భరించలేనివారికి పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న న్యాయసేవల ప్రాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఏర్పాటు చేస్తుంది. 1987 నాటి చట్టం ప్రకారం మహిళలు, షెడ్యూల్డ్ కులాలు, తెగలవారు, దివ్యాంగులు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఈ సహాయానికి అర్హులు. జాతీయ న్యాయసేవల ప్రాధికార సంస్థ సహాయ నంబరు 15100.

రాసిన వీలునామాను ఇంట్లో దాచడం ఇష్టం లేనివారు దానిని కవరులో పెట్టి, సీలు వేసి జిల్లా రిజిస్ట్రార్ వద్ద భద్రపరచవచ్చు. రాసిన వ్యక్తి కోరితే తిరిగి ఇస్తారు. మరణానంతరం దరఖాస్తు చేస్తే, దరఖాస్తుదారు సమక్షంలో కవరు తెరిచి, అందులోని విషయాన్ని రిజిస్టరులో నకలు చేస్తారు. అలా భద్రపరిచిన సంగతి, కవరుపై రాసిన పేరు, తేదీ ఇంట్లో కనీసం ఒకరికైనా చెప్పి ఉంచాలి.