వెలిసిన నలుపు: లినక్సు కంప్యూటరు తెరపై వర్ణపరిధి దోషమును గుర్తించి సవరించు విధము

తరతరములుగా ఇతర రాష్ట్రములందు స్థిరపడిన మన కుటుంబములలో పాత కాగితములకు కొదవ లేదు. హోసూరు ప్రాంతమున నేను తెలుగు బోధించు పాఠశాలకు పిల్లలు తెచ్చి చూపు వానిలో భూమి పత్రములు, పద్దుల పుస్తకములు, తాతలు తమకై వ్రాసికొన్న భజన కీర్తనలు మొదలగునవి ఎన్నియో కలవు. 2006వ సంవత్సరపు తమిళ అభ్యసన చట్టము అమలునకు వచ్చిన పిమ్మట మా ప్రాంతమున తెలుగు చదువు ఎట్లు సన్నగిల్లినదో పాఠకులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. చదువగలవారుండగనే ఈ కాగితములను కంప్యూటరులోనికి ఎక్కించి భద్రపఱుపవలెనని మేము కొందఱము పూనుకొంటిమి. ఆ పనిలో నేను చేసిన ఒక పొరపాటే ఈ వ్యాసమునకు కారణము.

మా పాఠశాలలోని కంప్యూటరు లినక్సుతో నడచునది. ఖర్చు లేని వ్యవస్థ కనుక దానిని ఎన్నుకొంటిమి. మూడేండ్ల క్రిందట ఒక దాత క్రొత్త మానిటరును ఇచ్చెను. పాతదానికి వి.జి.ఏ. తీగ ఉండగా క్రొత్తదానికి హెచ్.డి.ఎం.ఐ. తీగ వచ్చినది. ఆ వారమే ఒక రైతు కుటుంబపు పద్దుల పుస్తకమును, నలుబది పుటలకు పైబడినదానిని, స్కాను చేసితిని. తెరపై చూడగా సిరా వెలిసి బూడిదరంగుగను, కాగితము మాసిన బట్టవలెను కనుపించినది. పాత పుస్తకము కదా, అట్లే ఉండునని తలచితిని. పుటలన్నిటికిని నలుపు పెంచి, తెలుపు పెంచి, మూలప్రతులపైననే భద్రపఱచితిని. అచ్చుకూటమునుండి నమూనా ప్రతులు వచ్చినపుడు గాని అసలు సంగతి తెలియలేదు. అక్షరములు ఉబ్బిపోయినవి. అరసున్నల నడుమ ఖాళీ పూడిపోయినది. పకార వకారములకు భేదము లేదు. కాగితపు మరకలు సైతము అక్షరములతో సమానముగా నల్లబడినవి. పుస్తకమును మరల అడిగి తెచ్చుకొనునప్పటికి అందులో తొమ్మిది పుటలను చెద తినివేసినది. తక్కినవానిని తిరిగి తీయగలిగితిని. ఆ తొమ్మిదింటికి నా చేత చెడిన ప్రతులే మిగిలినవి.

వెలిసినది సిరా కాదు, తెర. అంగడివాని నడిగితే మానిటరు పాడైనది, మార్చుమనెను. అదియు నిజము కాదు.

తెరపై ప్రతి చుక్కయు ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు కాంతుల కలయిక. ఒక్కొక్క కాంతికి సాధారణముగా 0 మొదలు 255 వఱకు 256 మెట్లు. కంప్యూటరు లెక్కలో 0 అనగా చిమ్మచీకటి, 255 అనగా నిండు వెలుగు. టెలివిజను లెక్క వేఱు. 1982లో అంతర్జాతీయ రేడియో సలహా సంఘము వెలువరించిన 601వ సిఫారసు ప్రకారము వెలుగు సంకేతమున నలుపునకు 16, తెలుపునకు 235. క్రిందను మీదను విడిచిన మెట్లు వ్యర్థములు కావు. సంకేతమును వడపోయునపుడు దాని కెరటము అంచులు దాటి పొంగును. ఆ పొంగు తెగిపోకుండుటకై విడిచిన చోటు అది. 0, 255 అను అంకెలను సమకాలీకరణ సంకేతములకు ప్రత్యేకించిరి. మొదటి లెక్కకు పూర్ణపరిధి యనియు, రెండవదానికి పరిమితపరిధి యనియు పేర్లు.

ఒక ఊరి మానికతో కొలిచి పంపిన ధాన్యమును వేఱొక ఊరి మానికతో కొలిచినచో లెక్క తప్పును గదా. ఇక్కడ జరుగునది అదియే. కంప్యూటరు పరిమితపరిధిలో పంపుటకై 0ను 16గను, 128ని 126గను, 255ను 235గను కుదించును. మానిటరు తాను పూర్ణపరిధి లెక్కలో ఉన్నచో ఆ 16ను నలుపుగా గాక ముదురు బూడిదగా చూపును. 235ను నిండు తెలుపుగా గాక మాసిన తెలుపుగా చూపును. తెలుపు వెలుగులో సుమారు ఆఱవ వంతు పోవును. నలుపు తేలిపోవుటచేత కలుగు నష్టము ఇంకను ఎక్కువ: తెలుపునకు నలుపునకు వేయింతల తేడా చూపగల తెర కూడ అందులో నాలుగవ వంతునకో, అంతకంటె తక్కువకో దిగజాఱును. రంగులన్నియు నీళ్ళు కలిపినట్లుండును.

కంప్యూటరు తనంతట తాను టెలివిజను లెక్కకు ఎందుకు మాఱును? హెచ్.డి.ఎం.ఐ. పుట్టినది, 2002లో, టెలివిజనులను ఉద్దేశించి. అది అనుసరించు 861వ ప్రమాణమును రచించినది అమెరికాలోని వినియోగ ఎలక్ట్రానిక్ పరికరముల సంఘము. అందులోని నియమమేమనగా, టెలివిజను కొలతలలోని చిత్రమైనచో పరిమితపరిధి, కంప్యూటరు కొలతలలోని చిత్రమైనచో పూర్ణపరిధి. నియమము మంచిదే. కాని అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలు గల కొలత ఇప్పుడు టెలివిజనుకును బల్లపై మానిటరుకును సమానమే. మానిటరు తన గుర్తింపు చీటీని కంప్యూటరునకు పంపును, దానిని ఈ.డి.ఐ.డి. అందురు. అందులో హెచ్.డి.ఎం.ఐ. పరికరమనియు, ఆ కొలత తనదనియు చూచి, డ్రైవరు అనబడు సారథి దానిని టెలివిజనుగా ఎంచును. ఏ లెక్కలో పంపుచున్నదో తెలుపు చిన్న సమాచారమును చిత్రముతోపాటు పంపుటకు ఏర్పాటున్నది. అయినను దానిని చదువని మానిటరులు కలవు. వి.జి.ఏ. తీగలో ఈ అంకెల పేచీయే లేదు గనుక మా పాత మానిటరు చక్కగా కనుపించెను.

దోషమును గుర్తించుటకు నేను ఇప్పుడు అనుసరించు క్రమము చెప్పెదను. చీకటి గదిలో తెరనంతయు నల్లని చిత్రముతో నింపి, మానిటరు మీటను నొక్కి దాని స్వంత పట్టికను పైకి రప్పింపవలెను. ఆ పట్టికలోని నలుపు కంప్యూటరునుండి వచ్చునది కాదు, మానిటరు తానుగా గీసినది. పట్టిక నలుపు చిక్కగను, చుట్టునున్న నలుపు బూడిదగను ఉన్నచో దోషము పరిధిలోనే యని చాలవఱకు నమ్మవచ్చును. అంగడివాని మాట అబద్ధమని నాకు తేలినది ఈ పరీక్షతోనే.

రెండవ పరీక్ష ఇంకను ముచ్చటైనది. తెరను స్క్రీన్‌షాట్ తీసి మఱియొక కంప్యూటరుపైననో చేతి ఫోనులోనో చూడవలెను. పరిధి కుదింపు సాధారణముగా చిత్రము తీగలోనికి పోవు కడపటి మెట్టున జరుగును. కావున స్క్రీన్‌షాట్‌లో అది పడదు. అక్కడ చిత్రము నిగనిగలాడుచున్నచో తప్పు ఫైలులో లేదు, దాని తరువాతి దారిలో ఉన్నది. ఈ ఒక్క పరీక్ష నేను ముందుగా చేసియుండిన ఆ తొమ్మిది పుటలు చెడియుండెడివి కావు.

ఇక సవరణ. ఇంటెల్ చిత్రభాగము గల యంత్రమున, తెర వ్యవస్థ పాత ఎక్స్ విధానమైనచో, టెర్మినలులో ఎక్స్‌రాండర్ అను ఆజ్ఞకు రెండు అడ్డగీతలు చేర్చి ప్రాప్ అని వ్రాసినచో ప్రతి తెర గుణములను వరుసగా చెప్పును. వానిలో బ్రాడ్‌కాస్ట్ ఆర్‌జిబి అనునది మనకు కావలసినది. దానికి ఆటోమేటిక్, ఫుల్, లిమిటెడ్ 16:235 అని మూడు విలువలు. ఆటోమేటిక్ అని యున్నచో పైన చెప్పిన నియమము పని చేయుచున్నదని అర్థము. అదే ఆజ్ఞతో అవుట్‌పుట్ అని తెర పేరును, సెట్ అని ఆ గుణము పేరును, ఫుల్ అను విలువను ఇచ్చినంతనే తెర ఒక్క రెప్పపాటు ఆఱి వెలుగును. నా తెర అట్లు వెలిగినపుడు వెలిసినదనుకొన్న సిరా నల్లగా నిలిచినది. అప్పుడు కలిగిన సంతోషముకంటె సిగ్గే ఎక్కువ.

క్రొత్త లినక్సు వ్యవస్థలు పెక్కు వేలాండ్ అను విధానమునకు మాఱినవి. అక్కడ ఎక్స్‌రాండర్ ఆజ్ఞతో ఈ గుణము మాఱదు. కేడీఈ ప్లాస్మా రంగస్థలమున, 2021లో వచ్చిన 5.23 నుండి, తెర సెట్టింగులలోనే పరిధిని ఎన్నుకొను వీలు కలదు. ఎన్‌విడియావారి స్వంత డ్రైవరుతో వచ్చు సెట్టింగుల కార్యక్రమమున కలర్ రేంజ్ అను చోట ఫుల్, లిమిటెడ్ అని ఉండును. ఏఎమ్‌డి డ్రైవరులో ఈ గుణము చాలకాలము లేదు. అట్టి యంత్రములలో మానిటరు వైపునుండి సరిచేయుటే సులువు. మానిటరు పట్టికలో బ్లాక్ లెవెల్ అనియో, రేంజ్ అనియో ఒక అంశము తఱచుగా ఉండును. పంపువాడు గాని పుచ్చుకొనువాడు గాని, ఒక్కరు మాఱిన చాలును. ఇద్దఱును మాఱినచో మరల పేచీయే.

ఆ పేచీ ఎట్లుండునో కూడ మేము చూచితిమి. ఒక సభకై అదే కంప్యూటరును హాలులోని టెలివిజనుకు తగిలించితిమి. నేను ఫుల్ అని స్థిరపఱచియుంటిని, టెలివిజను పరిమిత లెక్కలో ఉన్నది. ఈసారి నలుపు తేలుటకు మాఱుగా మునిగిపోయినది. 0 నుండి 16 వఱకు గల ముదురు ఛాయలన్నియు ఒకే నలుపు, 235 పైనున్న లేత ఛాయలన్నియు ఒకే తెలుపు. పాత ఛాయాచిత్రములలో పెద్దల తలపాగాల మడతలును నల్లకోటుల అంచులును మాయమైనవి. చూచువారు చిత్రము కాంతివంతముగా నున్నదని మెచ్చుకొనిరి! ఈ రెండవ దోషము మొదటిదానికంటె మోసకారి. దీనిని పట్టుటకు 0, 8, 16, 24 విలువలు గల చదరములను ప్రక్కప్రక్కన ఉంచి చూడవలెను. మొదటి మూడును కలిసిపోయినచో సంగతి తెలిసినట్లే. తెల్లవైపు 235, 245, 255 ఉంచవలెను.

తెర అంతయు బాగుండి సినిమా మాత్రము వెలిసియున్నచో తప్పు చలనచిత్రము చూపు కార్యక్రమమునది, తీగది కాదు. తెర పసుపు తిరిగియున్నచో పరిధిని వెదకుటకు ముందు రాత్రి వెలుగు అను సౌకర్యము వేయబడినదేమో, తప్పుడు వర్ణవివరణ ఫైలు తగిలించబడినదేమో చూడవలెను.

ఎక్స్‌రాండర్ ఆజ్ఞతో చేసిన మార్పు కంప్యూటరును ఆపి మరల వేసినచో నిలువదు. ఆ ఆజ్ఞను ఒక వ్రాతగా భద్రపఱచి, ప్రవేశించిన ప్రతిసారియు తానుగా నడచు కార్యక్రమముల జాబితాలో చేర్చవలెను. మేమట్లే చేసితిమి. ఏడాదికి వ్యవస్థను నవీకరించినపుడు తెర మరల వెలిసినది. వెదకగా, హెచ్‌డిఎంఐ1 అని యున్న తెర పేరు డ్రైవరు మాఱుటచేత నడుమ అడ్డగీతతో హెచ్‌డిఎంఐ-1 అయినది; పాత పేరుతో పిలిచిన ఆజ్ఞకు బదులిచ్చు తెర లేదు. ఇప్పుడు ఆ కంప్యూటరు ప్రక్క గోడపై ఒక అట్టను అంటించితిమి. నవీకరణ జరిగిన ప్రతిసారియు నల్లని తెరను, మానిటరు పట్టికను పోల్చి చూచిన పిదపనే స్కాను చేసిన పుటలను ముట్టుకొనవలెనని దానిపై వ్రాసియున్నది. ఎనిమిదవ తరగతి పిల్లలు వంతులవారీగా ఆ పోలిక చూచుచున్నారు.