క్రొత్త యజమాని – పదియవ పనివాడు



మన నందికొట్కూరు ప్రాంతము కె. సి. కాలువ నీటితో, నల్లరేగడి నేలలతో సేద్యమునకు పేరుగన్నది. జీతగానిని ఏడాదికి కుదుర్చుకొనుట, కళ్లములో గింజలు కొలిచి యిచ్చుట, మాట తప్పినచో పెద్దలు రచ్చకట్టపై కూర్చుండి తీర్చుట మనకు తరతరముల మర్యాద. నేడు రైతుబిడ్డ పొలముగట్టు దాటి మిల్లు పెట్టుచున్నాడు, షెడ్డు వేయుచున్నాడు, అంగడి తెరచుచున్నాడు. అచ్చట నోటిమాట చాలదు. తగవు పుట్టినపుడు ఇరుపక్షములవారును ముందుగా వచ్చునది మీ వాకిటికే గావున, శాసనధర్మము మీకు తెలిసియుండవలెను.

జీతమును గూర్చిన ధర్మవిచారము మనకు పాతదే. సభాపర్వమున నారదుడు ధర్మరాజును కుశలమడుగుచు, సేనకు కూడును జీతమును కాలము తప్పక యిచ్చుచున్నావా యని ప్రశ్నించెను. జీతము ముందుగా మాటాడుకొననిచో సేద్యము చేసినవానికి పంటలోను, పసులకాపరికి నేతిలోను పదియవ వంతు చెల్లవలెనని కౌటిల్యుని అర్థశాస్త్రము విధించినది.

నేటి శాసనములలో 29 కేంద్రశాసనములు నాలుగు కార్మికస్మృతులుగా కూర్పబడి 2025 నవంబరు 21వ తేదీనుండి అమలులోనికి వచ్చినవి. పనివా డొక్కడే యైనను కొన్ని విధులు తప్పవు. ప్రభుత్వము నిర్ణయించిన కనీసవేతనమునకు తగ్గరాదు. నెలజీతమును మరుసటినెల 7వ తేదీలోగా చెల్లింపవలెను. పని మానినవానికి, మాన్పింపబడినవానికి రెండు పనిదినములలో లెక్క తీర్చవలెను. అధికకాలపు పనికి రెట్టింపు కూలి యియ్యవలెను. పదునాలుగేండ్లు నిండని బిడ్డను పనిలో పెట్టుట నేరము.

వ్యాపారము పెరిగినకొలది విధులును పెరుగును. పదియవ పనివాడు చేరినంతనే ఇ. ఎస్. ఐ. వర్తించును. నిర్ణీతమితికి లోబడిన జీతమున నూటికి యజమాని 3 రూపాయల 25 పైసలు, పనివాడు 75 పైసలు చెల్లింతురు. దానివలన పనివానికిని కుటుంబమునకును వైద్యము, జబ్బుపడిన దినములకు కొంత భృతి లభించును. నియామకపత్రము తప్పనిసరి యగును. అంతకు తక్కువమంది యున్నను ఇచ్చుట మేలు. గ్రాట్యుటీయు అప్పుడే వర్తించును. ఐదేండ్లు పనిచేసినవానికి ఏటికి పదునైదు దినముల జీతము చొప్పున ఇయ్యవలెను. నెలజీతమును 26చే భాగించి దినవేతనము కట్టుదురు. నెలకు 13,000 రూపాయల వానికి ఏటికి 7,500, పదేండ్లకు 75,000. ఏటేట కొంత వేరుగా దాచుకొనని యజమానికి ఇది ఒక్కసారిగా మీదపడును.

ఇరువదవ పనివానితో భవిష్యనిధియు, బోనసును వచ్చును. కర్నూలు చెంత పెదపాడున 1921లో జన్మించిన దామోదరం సంజీవయ్యగారు కేంద్ర కార్మికమంత్రిగా నున్నపుడే, 1965లో, బోనసు శాసనము వెలసినది. క్రొత్తసంస్థకు అందులో నొక వెసులుబాటు కలదు. సరకు అమ్మకము మొదలైన పిదప తొలి యైదేండ్లలో లాభము వచ్చిన యేటికే బోనసు చెల్లింపవలసియుండును. ఆ వెసులుబాటు నేటి స్మృతిలోను నిలిచియున్నది.

ఇచ్చట కొందరు యువకులు ఒక ఉపాయము పన్నుదురు: పుస్తకమున తొమ్మిది పేర్లే వ్రాసి పదియవవానిని పేరు లేకయే పనిచేయింతురు. ఆ పేరులేనివాని చేయి యంత్రమున పడినచో ఏమి గతి? ఇ. ఎస్. ఐ. చేయూత వానికి సులభముగా అందదు. భారము యజమాని యింటిపైకి వచ్చును. ఒకసారి వర్తించిన పిదప ఇద్దరిని తొలగించి లెక్క తగ్గించినను ఆ బాధ్యత తొలగిపోదు.

అట్టి వేళ మనము ఏవో కొన్ని వేలు చేత బెట్టించి, ఇకమీదట ఏ హక్కునులేదని కాగితముపై వ్రేలిముద్ర వేయింతుము. అది కరుణతో చేసినదే కావచ్చును. కాని గాయపరిహారపు హక్కును వదలుకొనునట్టి ఒడంబడిక శాసనముముందు చెల్లదు. పనివానికి న్యాయము దక్కదు, యజమానికి విముక్తి రాదు. మంచిమనసుతో తీర్చిన తీర్పు ఇరువురికిని చెరుపు చేయును.

కావున క్రొత్త వ్యాపారి ఆశీర్వాదమునకు వచ్చినపుడు పెట్టుబడి యెంత యని అడుగుటతో నిలువక, పనివారెందరు, వారి పేర్లు పుస్తకమున గలవా యని అడుగుడు. సందేహమున్నచో షెడ్డు లేపకమునుపే కార్మికశాఖ కార్యాలయమునకు పంపుడు. కార్మికునికి, స్త్రీలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి 1987 నాటి శాసనము ననుసరించి న్యాయసేవాసంస్థలు ఉచితసహాయము చేయును. ఆ మాట వారికి చెప్పుడు. తగవు తీర్చుటకంటె తగవు పుట్టకుండ చూచుటయే పెద్దరికము.