కట్టడాల పరిరక్షణ: కొన్ని పదాలు, వాటి అర్థభేదాలు

పాత కట్టడానికి ఏ పని చేసినా మన వాడుకలో దానికి ఒకటే పేరు: మరమ్మతు. పగిలిన గచ్చును అతికించడమూ మరమ్మతే, గుంబదును కూల్చి కాంక్రీటుతో కొత్తది లేపడమూ మరమ్మతే. చందా రసీదు మీద, కమిటీ తీర్మానంలో, కాంట్రాక్టరు అంచనాలో ఆ ఒక్క మాటే కనిపిస్తుంది. దాని క్రింద అసలు జరిగిన పని ఏమిటన్నది కట్టడం పోయిన తరువాతగాని తెలియదు. కాబట్టి ఈ రంగంలో వాడే పదాలకు గల అర్థభేదాలు ముతవల్లీలకు, మస్జిద్ కమిటీలకు కూడా తెలిసి ఉండవలసినవే.

పదాల ప్రస్తావన వచ్చినప్పుడు సీతాఫల్‌మండి, తార్నాకల నడుమ పరచుకొని ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని తలచుకోవడం సముచితం. ఆ విశ్వవిద్యాలయానికి ముందుగానే 1917లో దారుత్తర్జుమా ఏర్పడింది. భౌతికశాస్త్రం, వైద్యం, న్యాయం మొదలైన విద్యలకు ఉర్దూలో పారిభాషిక పదాలను సమకూర్చడం దాని పని. ఉస్మానియాలో ఉర్దూ ఆచార్యులుగా ఉండిన వహీదుద్దీన్ సలీం, పదాలను ఏ సూత్రాల మీద కల్పించాలో వివరిస్తూ 1921లో ‘వజ్ఎ ఇస్తిలాహాత్’ అనే గ్రంథమే వెలువరించారు. ఒక శాస్త్రానికి పదాలు స్థిరపడితేనే అందులో తప్పొప్పులు చెప్పడం వీలవుతుందని ఆనాటి పెద్దలు గ్రహించారు. కట్టడాల పరిరక్షణకు మాత్రం తెలుగులోగాని ఉర్దూలోగాని అటువంటి కృషి తగినంత జరుగలేదు.

మొదట ‘సంరక్షణ’, ‘పునరుద్ధరణ’ అనే రెండింటిని వేరుచేసి చూడాలి. ఉన్నదాన్ని ఉన్న స్థితిలోనే నిలిపి, శైథిల్యాన్ని ఆపడం సంరక్షణ. తరువాతి కాలంలో వచ్చి చేరినవాటిని తొలగించి, పోయినవాటిని చేర్చి, కట్టడాన్ని ఎరిగిన ఒక పూర్వస్థితికి తీసుకురావడం పునరుద్ధరణ. ఇక్కడ ‘ఎరిగిన’ అన్న మాటలోనే కీలకం ఉంది. 19వ శతాబ్దిలో ఫ్రాన్సు దేశపు వాస్తుశిల్పి వియొలే లె డ్యూక్, కట్టడానికి ఎన్నడూ లేని సంపూర్ణ రూపాన్ని కల్పించడం కూడా పునరుద్ధరణే అన్నాడు. దీనికి ఎదురుగా ఇంగ్లండులో విలియం మోరిస్ 1877లో ఒక సంఘం స్థాపించి, పునరుద్ధరణ పేరిట జరుగుతున్నది విధ్వంసమేనని వాదించాడు. 1964 నాటి వెనిస్ శాసనపత్రం ఈ వివాదానికి ఒక హద్దు గీసింది: ఊహ ఎక్కడ మొదలవుతుందో పునరుద్ధరణ అక్కడ ఆగిపోవాలి.

విశ్వవిద్యాలయ ఆవరణలోనే ఈ హద్దును చూడవచ్చు. ఆర్ట్స్ కళాశాల భవనానికి 1934లో పునాది పడింది, 1939లో ప్రారంభోత్సవం జరిగింది. నవాబ్ జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనేక దేశాల విశ్వవిద్యాలయాలను చూసి వచ్చారు. బెల్జియం దేశస్థుడు జాస్పర్ రూపకల్పన చేశాడు. ఇటీవలి కాలపు కట్టడం గనుక దాని పూర్వరూపం ఏదో చెప్పడానికి సాక్ష్యం ఉంది. అదే ఆవరణలో మహ్‌లఖా బాయి చందా (1768–1824) పేరుతో ముడిపడిన మెట్లబావి కూడా ఉంది. అటువంటి బావికి పూడిక తీయడం, జారిన రాతిని దాని చోటనే నిలపడం సంరక్షణ. ఆధారం లేకుండా కొత్త కమానులు చేర్చితే అది అలంకరణ అవుతుంది గాని పునరుద్ధరణ కాదు.

మూడవది ‘పునర్నిర్మాణం’, అనగా లేకుండా పోయినదాన్ని మళ్ళీ కట్టడం. ఇది నిషిద్ధమేమీ కాదు. బోస్నియాలోని మోస్తర్ నగరంలో 1566లో ఉస్మానీయ శిల్పి హైరుద్దీన్ కట్టిన వంతెన 1993 యుద్ధంలో కూలింది. పాత కొలతల ప్రకారం, ఆ ప్రాంతపు రాతితోనే తిరిగి కట్టి 2004లో తెరిచారు. అది కొత్తగా కట్టినదన్న సంగతిని ఎవరూ దాచలేదు. దాచితేనే అది నకిలీ అవుతుంది.

అయితే ఈ పదాలన్నింటికంటే ముందు రావలసినది, వినడానికి చాలా సామాన్యమైనది ఒకటుంది: ‘నిత్య నిర్వహణ’. పైకప్పు మీద మొలిచిన రావిమొక్కను పీకడం, తూములో చెత్త తీయడం, వాన కాలానికి ముందు గచ్చు పగుళ్ళు పూడ్చడం వంటి పనులివి. మోరిస్ కోరినది ముఖ్యంగా ఇదే. 1979లో ఆస్ట్రేలియా నిపుణులు రూపొందించిన బుర్రా శాసనపత్రం నిర్వహణను మరమ్మతు నుండి వేరుచేసి నిర్వచించింది. ఇది పాశ్చాత్యుల కొత్త ఆలోచన అనుకొనేవారు హనఫీ ఫిఖ్హ్‌లో వఖ్ఫ్ ప్రకరణాన్ని ఒకసారి తిరగవేయాలి. వఖ్ఫ్ ఆదాయంలో మొట్టమొదటి ఖర్చు దాని ‘ఇమారత్’కే చెందుతుందని, వాఖిఫ్ ఆ షరతు వ్రాసినా వ్రాయకపోయినా అంతేనని ‘హిదాయా’ నిర్ణయం. లబ్ధిదారుల వంతు ఆ తరువాతనే. అంతటితో ఆగక ఇమారత్ పరిమాణాన్ని కూడా ఆ గ్రంథం చెప్పింది: వఖ్ఫ్ చేసిన నాడు ఆస్తి ఏ స్థితిలో ఉన్నదో ఆ స్థితిలో నిలిచి ఉండేంతవరకే, అంతకు మించిన పెంపుదల ఆ ఆదాయం మీద హక్కుగా రాదు. వెనిస్ పత్రానికి శతాబ్దాల ముందే నిర్వహణకూ పెంపుదలకూ నడుమ ఫుఖహాలు గీత గీశారు. వారి ఉద్దేశం ఆస్తిహక్కుల రక్షణే గాని కళారక్షణ కాదన్నది నిజమే. అయినా కట్టడానికి దక్కిన ఫలితం మాత్రం ఒకటే.

ఈ ‘ఇమారత్’ అన్న మాట కూడా గమనార్హం. ఉర్దూలో దానికి భవనం అని మాత్రమే అర్థం మిగిలింది. అరబీ మూలధాతువులో మాత్రం కట్టడం, నివసించడం, కళకళలాడేటట్లు ఉంచడం అన్నీ ఇమిడి ఉన్నాయి. తౌబా సూరా 18వ ఆయత్‌లో మస్జిదుల విషయంలో వచ్చిన క్రియ ఈ ధాతువుదే. దానికి నిర్మాణమని, ఆరాధనతో నింపడమని రెండు విధాలా అర్థం చెప్పారు. తాళం వేసి చుట్టూ కంచె నాటిన కట్టడాన్ని ఈ అర్థంలో ఇమారత్ అనడం కష్టం.

వాడుకలో ఉన్న మస్జిద్‌కు ఉండే ఇబ్బంది కూడా ఇక్కడే వస్తుంది. జనాభా పెరిగింది, జుమా నాడు సఫ్‌లు వీధిలోకి వస్తున్నాయి. చోటు కావాలన్న కోరిక న్యాయమైనదే. పాతదాన్ని పడగొట్టడం ఒక్కటే మార్గమని తేల్చడం తొందరపాటు. పాత హాలును అలాగే ఉంచి సహన్ వైపు విస్తరించడాన్ని ‘చేర్పు’ అంటారు. చేర్పు చేర్పుగానే కనబడాలి, అవసరమైతే పాతదానికి హాని లేకుండా తొలగించదగినదై ఉండాలన్నది నియమం. ఈ రెండవ గుణాన్నే ‘ప్రతివర్తనీయత’ అంటున్నారు. మాట బరువైనదే గాని విషయం తేలిక: రేపటివారు మన పనిని విప్పగలగాలి.

సిమెంటు విషయంలో దెబ్బతినేది ఈ గుణమే. దక్కనులోని పాత కట్టడాలు సున్నపు గచ్చుతో కట్టినవి. సున్నంలో బెల్లం, కరక్కాయ నీరు కలిపి రోజుల తరబడి నానబెట్టి నూరేవారు. ఆ గచ్చు తేమను పీల్చి తిరిగి వదలుతుంది. దాని మీద సిమెంటు పూత వేస్తే లోపలి తేమకు దారి మూసుకుపోతుంది, లవణాలు పేరుకొని లోపలి గచ్చు పిండిగా రాలుతుంది. పైకి గట్టిగా కనిపించే గోడ లోపల ఖాళీ అవుతుంది. ఆ సిమెంటును ఊడదీయబోతే రాయి కూడా పెచ్చులూడి వస్తుంది. 2013 తరువాత కుతుబ్‌షాహీ సమాధుల వద్ద జరిగిన పనిలో గత మరమ్మతుల సిమెంటును తొలగించడమే ఒక పెద్ద భాగమైంది.

‘అనుకూల పునర్వినియోగం’ గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. కోఠీలోని రెసిడెన్సీ భవనం 1949లో ఉస్మానియా మహిళా కళాశాలకు నిలయమైంది. పాత భవనానికి కొత్త పని దొరకడం అంటే అదే.

చట్టపు పదాలలో మాత్రం జాగ్రత్త అవసరం. ‘రక్షిత కట్టడం’ వేరు, ‘జాబితా కట్టడం’ వేరు. మొదటిది పురావస్తు శాసనాల క్రింద, అనగా 1958 నాటి కేంద్ర చట్టం లేదా 1960 నాటి రాష్ట్ర చట్టం క్రింద ప్రకటితమైనది. రెండవది యజమాని చేతిలోనే ఉంటుంది, కాని మార్పులకు అనుమతి కావాలి. హైదరాబాదులో ఈ రెండవ తరహాకు ఆధారం 1995లో వచ్చిన 13వ నిబంధన. 2015లో దాన్ని తొలగించారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. 2019లో ఇర్రం మంజిల్ కూల్చివేత నిర్ణయాన్ని హైకోర్టు కొట్టివేసినప్పుడు ఈ శాసనాలన్నీ విచారణలో చర్చకు వచ్చాయి.

చివరిది ‘వారసత్వ ప్రాంతం’. విడి విడి భవనాలకంటే వాటి నడుమనున్న వీధి, చెట్టు, బావి, ఎత్తుపల్లాలు కలిసి ఇచ్చే రూపమే దీని విషయం. ఫ్రాన్సులో 1962 నుండి దీనికి చట్టముంది. మన దేశంలో అహ్మదాబాదు పాతనగరం 2017లో ప్రపంచ వారసత్వ నగరమైంది. ఆర్ట్స్ కళాశాలను ఎంత భద్రంగా చూసినా, దాని ముందున్న విశాలమైన దారి, చుట్టూ ఉన్న రాతిబండలు పోతే మిగిలేది ఫొటోకు పనికివచ్చే ముఖభాగమే. సమీపంలోని సికింద్రాబాదు స్టేషను పాత భవనం 2025లో కూల్చివేతకు గురైంది. సీతాఫల్‌మండిలో సీతాఫలాల అంగడిని, తార్నాకలో తీగకంచెను గుర్తుచేసేవి ఇప్పుడు ఆ పేర్లే.

వఖ్ఫ్‌నామాలలో ప్రాంతమన్న భావన మరో రూపంలో ఉన్నది. ఆస్తికి నాలుగు హద్దులు వ్రాయడం వాటిలో ఆచారం: తూర్పున ఫలానావారి బావి, పడమట షాహీ రహదారి, ఉత్తరాన తోట, దక్షిణాన ఖబ్రస్తాన్ అన్నట్లుగా. ఆ బావి పూడి, తోట ఇళ్ళ స్థలాలై, రహదారి పేరు మారినప్పుడు దస్తావేజు చేతిలో ఉన్నా భూమి ఏదో చూపించడం కష్టమవుతుంది. అందుకే పని మొదలుపెట్టకముందే కొలతలు, ఫొటోలు, గచ్చు నమూనా, చుట్టూ ఉన్నవాటి వివరం వ్రాసిపెట్టుకోవాలని పరిరక్షకులు పట్టుబడతారు. దీనికి వారు పెట్టిన పేరు ‘నమోదు’. ఒక మస్జిద్ కమిటీకి ఇందుకయ్యే ఖర్చు ఒక కొలత టేపు, ఒక నోటుపుస్తకం, రెండు ఆదివారాలు.