నిద్ర పట్టక మనసు పాడైందా? మనసు బాగాలేక నిద్ర పట్టట్లేదా?

మీరు ఇది రాత్రి రెండింటికి చూస్తున్నారంటే, ఈ ఎపిసోడ్ మీ కోసమే.

మాది గోదావరిఖని. మా దిక్కు, అటు మందమర్రి, శ్రీరాంపూర్‌లో కూడా బొగ్గు బాయి మూడు షిఫ్టుల్లో నడుస్తది. నైట్ షిఫ్ట్ చేసొచ్చినవాళ్లు పొద్దున పడుకుంటే, చప్పుడు చేయొద్దని పిల్లలకు గట్టిగా చెప్పేవాళ్లు. నిద్ర విలువ తెలిసిన ఊరే. అయినా నా నిద్ర పోయినప్పుడు, దాన్ని నేను పట్టించుకోలేదు.

కరీంనగర్‌లో రూమ్ తీసుకుని పోటీ పరీక్షలకు చదువుతున్న రోజులవి. రాత్రి ఒంటిగంట దాకా నిద్ర పట్టదు, నాలుగింటికే మెలకువ. నెల తిరిగేసరికి చదువే కాదు, తిండి, క్రికెట్ కూడా రుచించలేదు. అమ్మ ఫోన్ చేస్తే "పడుకున్ననే" అని అబద్ధం చెప్పి పెట్టేసేవాణ్ణి. చివరికి డాక్టర్ దగ్గరికి పోయి నిద్రమాత్ర రాయమన్నాను. ఆయన వెంటనే రాయలేదు. "నిద్ర సంగతి సరే, ఈమధ్య దేనికన్నా సంతోషపడ్డవా?" అని అడిగారు. జవాబు దొరకలేదు. అది డిప్రెషన్ అని అప్పుడు తెలిసింది.

డిప్రెషన్‌ను గుర్తించడానికి డాక్టర్లు వాడే పీహెచ్‌క్యూ-9లో తొమ్మిది ప్రశ్నలుంటాయి. మూడోది నిద్ర గురించే: నిద్ర పట్టకపోవడం, మధ్యలో మెలకువ రావడం, లేదా మరీ ఎక్కువ పడుకోవడం. అవును, పొద్దంతా పడుకోవడం కూడా లక్షణమే. అందరూ దాన్ని బద్ధకం అంటారు.

ఇది రెండు వైపులా నడిచే దారి. నిద్ర తక్కువైతే, మెదడులో భయం, కోపం లాంటి భావాలతో పనిచేసే అమిగ్డలా అతిగా స్పందిస్తుంది. చిన్న మాట కూడా పెద్దగా గుచ్చుకుంటుంది. మరోవైపు డిప్రెషన్ ఉంటే తెల్లవారుజామునే మెలకువ వచ్చి, ఆలోచనలు తిరుగుతూ ఉంటాయి. నిద్రలేమి ఉన్నవాళ్లకు తర్వాత డిప్రెషన్ వచ్చే అవకాశం దాదాపు రెండింతలని పరిశోధనలు చెబుతున్నాయి. అట్లని నిద్ర పట్టని ప్రతి ఒక్కరికీ డిప్రెషన్ ఉన్నట్టు కాదు. షిఫ్ట్ డ్యూటీ, చాయ్, నొప్పులు, థైరాయిడ్ కూడా కారణం కావచ్చు.

ఏది ముందు వచ్చిందో తేల్చుకుంటూ కూర్చోవద్దు. రెండింటికీ చికిత్స కావాలి. రోజూ ఒకే టైమ్‌కు లేవండి. నిద్ర రాకుంటే మంచం మీద పొర్లకుండా లేచి కూర్చోండి, నిద్ర వచ్చినప్పుడే పడుకోండి. సాయంత్రం చాయ్ మానేయండి. ఫోన్ చేతికి అందనంత దూరం పెట్టండి. నైట్ షిఫ్ట్ వాళ్లు పగలు గది చీకటి చేసుకోండి. మందు తాగితే నిద్ర వచ్చినట్టే ఉంటది, మధ్యరాత్రి తెగిపోతది. మెడికల్ షాపులో సొంతంగా నిద్రమాత్రలు కొనొద్దు. దీర్ఘకాలం నిద్ర పట్టనివాళ్లకు సీబీటీ-ఐ అనే మాటల చికిత్స బాగా పనిచేస్తుంది.

రెండు వారాలుగా దాదాపు రోజూ మనసు బరువుగా ఉన్నా, దేని మీదా ఇష్టం లేకున్నా డాక్టర్‌కు చెప్పండి. చనిపోవాలనే ఆలోచన వస్తే రెండు వారాలు ఆగొద్దు. అప్పుడే పక్కనున్నవాళ్లను లేపండి, 14416కి ఫోన్ చేయండి. అది 2022లో కేంద్రం మొదలుపెట్టిన టెలీ-మానస్. ఉచితం, 24 గంటలూ ఉంటది, తెలుగులో మాట్లాడొచ్చు.

నేను కోలుకోవడానికి కొన్ని నెలలు పట్టింది. మొదటి మెట్టు మాత్రం, అమ్మకు ఫోన్ చేసి "నిద్ర పడుతలేదే" అని నిజం చెప్పడమే.