"మూడేళ్లుగా పని చేస్తున్నాను" ఇంగ్లీష్‌లో ఎలా చెప్పాలి?

2022లో నేను కంపెనీ మారదామని ఒక ఇంటర్వ్యూకి వెళ్లాను. ఎక్స్‌పీరియన్స్ అడిగితే "ఐ వర్క్‌డ్ దేర్ ఫర్ త్రీ ఇయర్స్" అన్నాను. హెచ్ఆర్ మేడమ్ వెంటనే "మరి ఎందుకు మానేశారు?" అని అడిగారు. నేను మానలేదండీ బాబూ! ఇంకా అక్కడే చేస్తున్నా.

వర్క్‌డ్ అంటే ఆ ఉద్యోగం అయిపోయినట్టు. కంగారులో "ఐ యామ్ వర్కింగ్ సిన్స్ త్రీ ఇయర్స్" అని మార్చాను. అదీ తప్పే, కాకపోతే ఆవిడకి విషయం అర్థమైంది.

తెలుగులో "చేస్తున్నాను" అంటే చాలు. ఇప్పుడు చేస్తున్నా అదే, మూడేళ్లుగా చేస్తున్నా అదే. ఇంగ్లీష్‌లో అలా కుదరదు. ఎప్పుడో మొదలై ఇంకా నడుస్తున్న పనికి "ఐ హ్యావ్ బీన్ వర్కింగ్" అనాలి. అదే మీ అక్క గురించి అయితే "షి హ్యాజ్ బీన్ వర్కింగ్".

ఇక ఫర్, సిన్స్. మనం "మూడేళ్ల నుంచి" అంటాం, "2019 నుంచి" అని కూడా అంటాం. రెండిటికీ "నుంచి"నే, అక్కడే తికమక. ఎంతకాలమో చెప్తే ఫర్ త్రీ ఇయర్స్, ఎప్పుడు మొదలైందో చెప్తే సిన్స్ 2019.

వీడియో ఒక్క నిమిషం ఆపి, మీ ఉద్యోగం గురించి ఈ వాక్యం పైకి చెప్పండి.